ఒప్పజెప్పడం

గుణుపురంలో సంత రోజున
ఆసుపత్రి వరస గేటు దాటి
జీడిపిక్కల కాటా దాకా పోతుంది.
ఆ వరసని పక్కకి తప్పుకుంటూ, బూట్లకి బురదంటకుండా
ఒక కుర్రాడొచ్చాడు, భువనేశ్వర్ నుంచి, ఏదో కంపెనీ.
మందుల కిటికీ గట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచాడు.

"రోగికి చెప్పింది రోగి చేతే తిరిగి చెప్పించడం, మేడమ్,
దీనికి చాలా పెద్ద మార్కెట్ ఉంది.
ఒడియా, తెలుగు, వచ్చే ఏడు సవర.
ఫోనే అడుగుతుంది, ఫోనే వింటుంది, మార్కులేస్తుంది.
మీ దగ్గర తలకి ఎంత పెట్టగలరు?"

తలకి ఎంతో తరవాత, బాబూ,
ముందు తల సంగతి విను.
ఇక్కడ భాషలు మూడు, తలాడించడం ఒక్కటే.
సంతలో అన్నిటికన్నా చవక సరుకు "ఆఁ".
తూకం లేదు, బేరం లేదు.

కిందటేడు వానల్లో సొంబారు రైకాకి
బీపీ బిళ్ళలిచ్చాను.
రోజుకొకటి, తిన్నాక, అన్నాను.
ఆఁ అన్నాడు.
రిజిస్టరులో టిక్కు పెట్టాను.
నెల తిరక్కుండా మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయి
మంచం మీద మోసుకొచ్చారు.
వాళ్ళావిడ కొంగుముడి విప్పితే
పదిహేను బిళ్ళల అట్టలో
పదకొండు అలాగే ఉన్నాయి.
"తిన్న రోజు ఏసినాడమ్మా.
తినని రోజు ఎలాగేస్తాడు? నువ్వే సెప్పినావు గదా."

నేనే చెప్పాను.

ఆ మర్నాటి నుంచి "అర్థమైందా" అని అడగడం మానేశాను.
ఎక్కాలు ఒప్పజెప్పించుకునే మేష్టారి గొంతూ కాదు, బెత్తమూ కాదు.
"నాను సరిగ్గా సెప్పినానో లేదో తెలీడం లేదు,
ఇంటికెళ్ళి మీ వాళ్ళకి ఏటి సెప్తావో
నాకోపాలి సెప్పు," అంటాను.
తప్పు చెబితే తప్పు నాది.
మళ్ళీ మొదలు.

సవర లెక్క పన్నెండు దాకా పోయి
పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు అని నడుస్తుంది.
పదిహేను రోజులన్నప్పుడు
వేళ్ళు తడుముకునేది నేను.
"పన్నెండూ మూడు" అని వాళ్ళు నాకు దిద్దుతారు.
లీటరు నీళ్ళలో పొట్లం కలపమంటే
"సారా సీసాతో ఎన్ని?" అందొక ముసలామె.
ఒకటీ, ఇంకోదాంట్లో మూడో వంతూ.
ఆ లెక్క నాకే పుస్తకంలోనూ లేదు.

ఖరీదంటావా, మనిషికి రెండు నిమిషాలు.
వరస గేటు దాటింది అందుకే.
బెహరా డాక్టరు గారు గడియారం చూసి దగ్గుతారు.
కొన్ని రోజులు నేనూ విసుక్కుంటాను,
ఆఖరి పదిమందికి వట్టి "ఆఁ"లు పుచ్చుకుని పంపేస్తాను.
ఆ రాత్రి అన్నం సహించదు.

అదిగో, కిటికీలోంచి చూడు.
పసుపు అమ్మే మనిషి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.
పుచ్చుకున్నవాడు ఆమె ఎదటే మళ్ళీ లెక్కపెట్టాడు.
ఆమెకి కోపం రాలేదు.
నువ్వు మార్కెట్ అంటున్నావు,
మార్కెట్‌కి ఇది ఎప్పుడో తెలుసు.
రూపాయికున్న పాటి మర్యాద
మాటకి లేకపోయింది, అంతే.

నీ ఫోను వద్దనను.
నాకు రాని సవర మాటలు దానికొస్తే తీసుకురా.
కానీ "తిన్న రోజు" అని వినబడగానే
సున్నా వేస్తుందా,
ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడుగుతుందా?

కుర్రాడు తలాడించాడు.
"ఆఁ, అర్థమైంది మేడమ్."

అలాగైతే, నాను ఏటి సెప్పినానో
నాకోపాలి సెప్పు బాబూ.

నోరు తెరిచాడు. తెర వంక చూశాడు.
వెనక వరసలోంచి
ఎడంచేత కర్ర పట్టిన మొగుణ్ణి ముందుకు జరుపుతూ
సొంబారు పెళ్ళాం
వాడికి మెల్లిగా అందించింది:

"తిన్నా ఏసుకో, తినకపోయినా ఏసుకో...
అను, బాబూ."